ముందర పెట్టిన రాయి

"ఏమే, ముందర రాయి పెట్టావా?"

"పెట్టాలే. రోజూ ఇదే గోల నీది. పో, పో."

మా ఆయనా నేనూ చివరగా మాట్లాడుకున్న మాటలు ఇవి. బయలుదేరే మనిషిని పోయిరా అనాలే తప్ప పో అనకూడదని మా పల్నాట్లో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు, నాకూ తెలుసు, అయినా నోరు జారింది. జారింది ఆ ఒక్క మాటే అయితే ఇన్నేళ్ళు ఇంత బరువు మోసేదాన్ని కాదు. ఆయన అడిగిన ఆ రాయి గురించి నేను చెప్పవలసిన మాట ఒకటి ఉండింది. అది ఆ పొద్దున చెప్పలేదు, అంతకుముందు కాపురం చేసినన్నాళ్ళూ చెప్పలేదు, ఆయన పోయాక ఈ నలభై ఏళ్ళలోనూ ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, మొన్న సోమవారం మా మనవడు మధ్యాహ్నం అన్నానికి వచ్చి, గోంగూర కలుపుకుంటూ, క్వారీ మలుపు దగ్గర రోడ్డు వెడల్పు చేస్తున్నారమ్మమ్మా, ఆ పాత వీరుడి రాయిని మిషనుతో పెకలించి కాలవ పక్కన పడుకోబెట్టారు అని, కూరగాయల ధర చెప్పినట్టు చెప్పాడు. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. వాడు బండికి గ్యాసు బండలు కట్టుకుని రోజుకు నాలుగు సార్లు ఆ మలుపు మీదుగానే పోయి వస్తాడు. అందుకని మా మనవరాల్ని కూర్చోబెట్టి, నోటుబుక్కు తెచ్చుకోవే, నేను చెబుతాను నువ్వు రాయి అన్నాను. నాకు సంతకం నేర్పారు గానీ అంతకు మించి అక్షరం రాదు. నా మాట మోటు, గొంతు ఇంకా మోటు, మాటలు చక్కబెట్టి రాసుకో, జరిగినదాన్ని మాత్రం చక్కబెట్టవద్దు అని చెప్పాను.

నా ఈడు వాళ్ళకు గుర్తుంటుంది, ఎనభైల్లో మాచర్ల చుట్టుపక్కల నీళ్ళకు ఎంత కరువో. అంత సాగరం పక్కన పెట్టుకుని మా మెరక మీద తాగే నీళ్ళకు అల్లాడేవాళ్ళం. మా ఇల్లు ఏటవాలు రోడ్డుకి అడుగున ఉండేది. ఇంటి ముందు ఎండాకాలం కూడా నీళ్ళు పడే బోరింగు ఒకటి, ఎదురుగా తిన్నగా పైకి ఎక్కే గరుసు కంకర రోడ్డు, పైన ఒక మలుపు, ఆ మలుపు దాటితే నాపరాళ్ళ క్వారీ. అక్కడ ఎండలో రాళ్ళు కొట్టే కూలీలకు చుక్క నీళ్ళుండేవి కావు. మా ఆయన కూడా మొదట అక్కడ కూలీయే. ఆయనకొచ్చిన ఆలోచన ఏమిటంటే, మన బోరింగు నీళ్ళు పైకి తీసుకుపోతే, వచ్చేటప్పుడు ఊళ్ళో ఇళ్ళు కట్టుకునే వాళ్ళకు నాపరాళ్ళు దింపుకురావచ్చు, రెండు వైపులా బాడుగ వస్తుంది అని. ఎద్దుల్ని మేపే తాహతు లేదు, లారీ సంగతి చెప్పనక్కర్లేదు. నా పుట్టింటివాళ్ళు రొంపిచెర్లలో గేదెను అమ్మి పంపిన డబ్బుతో మూడు చేతులు మారిన మోటారు సైకిలొకటి కొన్నాడు. దానికి వెనక తగిలించుకునే ట్రైలర్ కోసం మాచర్లలో వెల్డింగ్ సాయిబన్న దగ్గరకు పోయాడు.

సాయిబన్న షాపు వెనక, ఎవరో సోడాలమ్ముకునే మనిషి చేయించుకుని తీసుకుపోకుండా వదిలేసిన ట్రైలర్ ఒకటి కోళ్ళు గుడ్లు పెట్టుకుంటూ పడి ఉంది. నాలుగు ఇనప యాంగ్లర్లు, పైన ఒక రేకు, కింద రెండు పాత స్కూటరు చక్రాలు, ముందుకు చాచిన ఒక నొగ, అంతే. చవగ్గా వచ్చిందని మా ఆయన దాన్ని పెళ్ళికూతుర్ని తెచ్చినట్టు తెచ్చాడు. నేను పసుపు రాశాను. మొదటి రోజే అది పైకి పోయేసరికి నీళ్ళు సగం ఒలికిపోయాయి, కిందికి వచ్చేసరికి నాపరాళ్ళు సగం పగిలిపోయాయి, మనిషి మాత్రం ఎలాగో ముక్కలు కాకుండా వచ్చాడు.

సాయిబన్న వచ్చి చూసి పడీ పడీ నవ్వాడు. "ఇది బండి కాదు బావా, గంగిరెద్దు. సన్నాయి ఒకటే తక్కువ, తల ఊపుతానే ఉంది" అన్నాడు. మా ఆయనకు రోషం వచ్చింది. ఆ రోషంలోనే ఆ ఏడాదంతా ఆ తోకబండిని బాగుచేశాడు. నేను కూడా చేశాను, ఆ సంగతి ఎవరూ చెప్పుకోరు గానీ.

ముందు కుదుపు పోవాలని పాత జీపువి కమాను కట్టలు తెచ్చి చక్రాల మీద బిగించారు. అవి కొత్తలో మాట్లాడలేదు గానీ తర్వాత కిర్రు, కిర్రు అని రెండు మెట్ల పాట పట్టుకున్నాయి, ఆ పాటను బట్టి ఆయన ఏ మలుపులో ఉన్నాడో వంటింట్లోంచి చెప్పగలిగేదాన్ని. నీళ్ళు ఒలకకుండా చేసింది నేను. దూరం నుంచి నీళ్ళు మోసే ఆడవాళ్ళం బిందెలో వేప రెమ్మ ఒకటి వేసుకుంటాం కదా, నీళ్ళు కుదురుగా ఉండటానికి, అదే లెక్కన పీపాకి సరిపడా వెదురు తడిక అల్లి నీళ్ళ మీద తేలేశాను. చుక్క ఒలికితే ఒట్టు. దిగుడులో బండి వెనక నుంచి నెట్టేస్తోందని చింతచెక్క దిమ్మ ఒకటి చక్రానికి ఒరుసుకునేలా పెట్టి, పాత క్లచ్చి వైరుతో లాగేటట్టు బ్రేకు చేశారు. నొగ ఎత్తలేక నా నడుము పోతోందని నేను పోరితే, నొగ చివర ఒక బేరింగ్ చక్రం పెట్టించాడు. మోటారు సైకిల్ నుంచి విప్పినా ఆ మూడో చక్రం మీద ట్రైలర్ తనకు తానే నిలబడేది, నేను ఒక్కదాన్నే ఒంటిచేత్తో తోసుకుని బోరింగు దగ్గరకు తీసుకుపోయేదాన్ని.

అన్నీ కుదిరాయి గానీ తల ఊపడం మాత్రం పోలేదు. బరువంతా చక్రాల వెనకకు పడి ముందు తేలిపోతోంది, ముందు భాగం బరువెక్కాలి అన్నాడు సాయిబన్న. నొగ మొదట్లో యాంగ్లర్లతో చిన్న పెట్టెలాంటిది చేసి అందులో ఇసక మూట పెట్టారు. దారి పొడవునా ఇసక కారిపోయి, ముగ్గు వేసినట్టు ఇంటి నుంచి క్వారీ దాకా గీత పడింది. నాపరాయి ముక్కలు పేర్చారు, పల్చటివి కదా, కుదుపుకి పొడైపోయాయి. ఒకనాడు మా ఆయన పెరట్లో నిలబడి బుర్ర గోక్కుంటూ, నేను బట్టలు ఉతికే రాయి వంక చూశాడు. జేనతో కొలిచాడు. పెట్టెను కొలిచాడు. కొలిచి చెక్కించినట్టు సరిపోయింది.

ఆ రాయి సంగతి చెప్పాలి.

పెళ్ళై వచ్చిన కొత్తలో మా ఇంట్లో ఉతుక్కోవడానికి రాయి లేదు. ఇంటి వెనక చేలు దాటాక గట్టు మీద ముళ్ళపొదలో మోకాలెత్తు రాయి ఒకటి ఒరిగి నిలబడి ఉండేది. వీపు నున్నగా, చూడ ముచ్చటగా ఉంది. ఒక మధ్యాహ్నం నేను గడ్డపారతో దాన్ని కదిలించి, చుట్టకుదురు పెట్టుకుని నెత్తి మీద ఇంటికి తెచ్చుకున్నాను. మట్టి పోవాలని నీళ్ళు పోసి కడిగితే రెండో వైపున మనిషి బయటపడ్డాడు. ఒక చేతిలో కత్తి, రెండో చేయి నడుము మీద, నెత్తి మీద ఒక పక్కన సూర్యుడు, ఒక పక్కన చంద్రుడు. కళ్ళు మాత్రం అరిగిపోయాయి. మా పల్నాట్లో ఇలాంటివి ఎవరికి నిలబెడతారో వేరే చెప్పక్కర్లేదు, ఏ పోరులోనో కూలినవాళ్ళకు, వాళ్ళ పేర్లు కూడా మిగలని కాలం నాటివి. తీసుకుపోయి ఎక్కడిది అక్కడ పెట్టి రావలసింది. కానీ పెళ్ళై నాలుగు నెలలైన పిల్లకు ఉతికే రాయి కావాలి, అంతే కావాలి. ముఖం కిందికి తిప్పి బురదలో పడుకోబెట్టి, వీపు మీద బట్టలు ఉతుక్కున్నాను. ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు అసలే చెప్పలేను, ఎందుకంటే దారిలో వీరుడి రాయి కనిపిస్తే చెప్పులు విప్పి దాటే మనిషి ఆయన.

అందుకని రాయి తీసి పెట్టెలో పెట్టబోతుంటే, నువ్వుండు, నేను పెడతాను అని అడ్డం పడ్డాను. ముఖం కిందికే ఉండేటట్టు నేనే ఎత్తి కూర్చోబెట్టాను. ఆ రోజు ట్రైలర్ పిల్లి నడిచినట్టు నడిచింది. తల ఊపడం లేదు, తోక ఊపడం లేదు. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే రాయి పెట్టడం, సాయంత్రం బట్టలు ఉతకడానికి తీసుకోవడం నా పనే. ఆయనను ముట్టనిచ్చేదాన్ని కాదు. అది నాకు ఆయన మీద ఉన్న ప్రేమ అనుకున్నాడు పిచ్చి మనిషి. క్వారీలో అందరితోనూ, "మా ఆడది రాయి పెడితేనే నా బండి కదులుద్ది" అని గొప్పలు పోయేవాడట.

రాయి ట్రైలర్ ఎక్కిన నెలకో రెండు నెలలకో, మా వీధిలో ఒకాయన పాత రాయి ఏదో తెచ్చి గుమ్మం ముందు మెట్టుగా వేసుకోబోతుంటే, మా అత్త చూరు కింద కూర్చుని గట్టిగా అరిచింది. ఆమెకప్పటికే చూపు ఆనడం లేదు, చెవులతోనే లోకమంతా నడిపేది. "ఒరేయ్, అది నిలబెట్టిన రాయంట గదరా. పడుకోబెట్టమాకరా నాయనా. నిలబడ్డ రాయిని పడుకోబెడితే, అది మళ్ళీ లేచి నిలబడటానికి మనిషిని ఎతుక్కుంటది" అంది. నేను అప్పుడు తడి బట్ట పిండుతూ ఉన్నాను. ఆ నీళ్ళు ధార కట్టి రాయి వీపు మీద పడుతున్నాయి. ఇంకా చేతిలో ఆ బట్ట అలాగే ఉన్నట్టుంటుంది నాకు.

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. చెబితే ఆయన ఆ క్షణమే రాయి దించేస్తాడు, ట్రైలర్ మళ్ళీ గంగిరెద్దు అవుతుంది, నాపరాళ్ళు పగులుతాయి, చంటిపిల్లకు పాలు కొనే దారి మూసుకుపోతుంది. ఇలా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఉన్న మాట చెబుతున్నాను, భయం కంటే సిగ్గు ఎక్కువ. రెండేళ్ళుగా వీరుడి వీపు మీద మైల బట్టలు ఉతికానని ఏ నోటితో చెప్పను?

ఇక ఆ తోకబండి తీరు చెబుతాను, నమ్మినా సరే, నమ్మకపోయినా సరే. నాపరాయి ఒక్కటి పగిలితే ఒట్టు. ఎక్కుడులో ఎవరో వెనక నుంచి చెయ్యేసి తోస్తున్నట్టు ఉంటుందనేవాడు, దిగుడులో ఎవరో పట్టి ఆపుతున్నట్టు ఉంటుందనేవాడు, నవ్వుతూనే అనేవాడు. మేకల మంద అడ్డం వస్తే హారన్ కొట్టక్కర్లేదు, మోటారు సైకిలు పోయేదాకా కదలని మేకలు ట్రైలర్ వచ్చేసరికి రెండు పాయలుగా విడిపోయేవి. క్వారీ కుక్కలు మోటారు సైకిలు మీదికి మొరుగుతూ ఎగబడి, వెనక ఉన్నదాన్ని చూసి కూర్చునేవి. ఒకసారి మంచి ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం పూట, అన్నం గిన్నెలు పట్టుకుని నేను కూడా ట్రైలర్ మీద కూర్చుని పైకి పోయాను. యాంగ్లరు ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది, రేకు మీద గోనె వేసుకుని కూర్చున్నాను. మలుపు దగ్గర ఒరిగితే పట్టు కోసం ముందున్న రాయి మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. నీళ్ళలోంచి ఇప్పుడే తీసినట్టు, బావిలో ఉన్నదాన్ని ముట్టుకున్నట్టు చల్లగా ఉంది. చెయ్యి తీసేశాను. ఆ మలుపులో ఆయన బండి ఆపి వెనక్కు తిరిగి, "ఏందే, నన్ను పిలిచావా?" అన్నాడు. నేను పిలవలేదు. పిలవలేదని చెప్పాను. "ఈడ రోజూ ఇంతే, ఎవరో పిలిచినట్టుంటది" అని మళ్ళీ బండి తీశాడు.

ఆ రోజు ఇంటికొచ్చి నిర్ణయం చేసుకున్నాను, చెప్పేయాలని. రోజూ అనుకుంటూనే ఉన్నాను. చివరి రోజు పొద్దున కూడా, పీపాలు నింపి, తడికలు వేసి, రాయి ఎత్తి పెట్టెలో పెడుతున్నప్పుడు నోటిదాకా వచ్చింది. పక్కన పిల్ల ఏడుస్తోంది, పొయ్యి మీద ఏదో మాడుతోంది, ఆయన హడావిడిగా వచ్చి రాయి పెట్టావా అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నకే ఎందుకో ఒళ్ళు మండింది. పెట్టాలే, పో, పో అన్నాను.

వడగాలి తిరిగే రోజులు. పిల్ల నిద్రపోయింది, మా అత్త చూరు కింద కునుకుతోంది, వీధిలో పిట్ట కూడా లేదు. కిర్రు, కిర్రు అని వినిపించింది. ఆయన దిగుతున్నాడు, అన్నం వడ్డిద్దామని లేచాను. అప్పుడు తట్టింది, కమాన్ల చప్పుడు వస్తోంది గానీ మోటారు చప్పుడు లేదు. మా అత్త కళ్ళు మూసుకునే ఉంది. "ఏమే, వాడు నడిచి వస్తున్నాడేంది?" అంది.

వాకిట్లోకి వచ్చాను. ట్రైలర్ ఒక్కటే వస్తోంది. రెండేళ్ళుగా దాని చక్రాలే కోసిన గాడిలో, నాపరాళ్ళ బరువుతో, ముందున్న చిన్న చక్రం మీద, ముసలి ఎద్దు ఇంటి దారి పట్టినట్టు నిదానంగా వస్తోంది. తొందర లేదు దానికి. వచ్చి, బోరింగు ముందు, రోజూ నేను నిలబెట్టే చోటనే ఆగింది. రాళ్ళలో ఒక్కటి పగల్లేదు. బ్రేకు వైరు తెగి వేలాడుతోంది, వైరుకు బదులు చెక్క దిమ్మను చక్రానికి అదిమి ఆయన తలగుడ్డతో కట్టి ఉంది. ముందర పెట్టె ఖాళీగా ఉంది. రాయి లేదు.

చెప్పులు వేసుకున్నానో లేదో తెలియదు, ఆ ఎండలో ఆ రోడ్డంతా పరుగెత్తాను. మలుపు దగ్గర మోటారు సైకిలు స్టాండు వేసి నీటుగా నిలబెట్టి ఉంది. పక్కనే రోడ్డు అంచున ఆయన కూర్చుని ఉన్నాడు, కాళ్ళు చాపుకుని, అన్నానికి కూర్చున్నట్టు. వీపు రాయికి ఆనించి ఉన్నాడు. రాయి నిలబడి ఉంది. ముఖం రోడ్డు వైపు ఉంది, ఆయన భుజం మీద నుంచి కత్తి పట్టుకున్న చెయ్యి కనబడుతోంది. ఆయన చేతులు రెండూ మణికట్ల దాకా మట్టి, పక్కన పానా, దాని నిండా గరుసు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఒళ్ళు ముట్టుకుంటే కాలుతోంది, వెనక ఉన్న రాయి చల్లగా ఉంది.

వడదెబ్బ అన్నాడు డాక్టరు. అంతే అయి ఉంటుంది. ఏం జరిగిందో నేను ఎన్నిసార్లు కూడబలుక్కున్నానో చెప్పలేను. దిగుడులో వైరు తెగింది. బండి ఆపి, తలగుడ్డతో దిమ్మ కట్టి, మోటారు సైకిల్ నుంచి ట్రైలర్ విప్పి చిన్న చక్రం మీద నిలబెట్టాడు. వైరు కొస పెట్టె కింద ఉంటుంది, అది అందాలంటే రాయి ఎత్తాలి. రెండేళ్ళలో మొదటిసారి ఆయన ఆ రాయిని ఎత్తాడు. ఎత్తి పక్కన దొర్లించాడు. ముఖం పైకి వచ్చింది. చూశాడు. చూసిన పల్నాటి మనిషి వీరుడి రాయిని పడుకున్నట్టు వదిలేసి తన పని చూసుకుంటాడా? తెగిన వైరు మరిచాడు, బండి మరిచాడు, ఆ మిట్టమధ్యాహ్నం ఎండలో పానాతో చేతులతో గుంట తవ్వి నిలబెట్టాడు. ఆ వెనక తలగుడ్డ ముడి సడలింది, బండి తన దారిన తాను వచ్చింది. ఇలా పేర్చుకుంటే అన్నీ సరిపోతాయి.

సరిపోనివి రెండున్నాయి. క్వారీ కూలీలు ప్రమాణం చేసి చెప్పారు, నా కేక విని వాళ్ళు పరుగెత్తుకొచ్చేసరికి ఆయన వాళ్ళ దగ్గర నుంచి బయలుదేరి బీడీ కాలినంత సేపు కూడా కాలేదని. ఆ గరుసు నేలలో రాయి కింద బెత్తెడు లోతు దిగి ఉంది. గడ్డపార ఉన్నా అది గంట పని, రెండు చేతుల పని కాదు. రెండోది సాయిబన్న చెప్పింది. మా ఆయన కబురు తెలిసి వచ్చి, కళ్ళు తుడుచుకుని, అలవాటు కొద్దీ బండి చుట్టూ తిరిగి, ఆ తలగుడ్డ ముడి చూసి, బండిని తొయ్యబోయి, కదలక, నా వంక చూశాడు. "చెల్లెమ్మా, ముడి సడల్లేదు. దిమ్మ ఇంత బిగించి ఉంటే ఈ బండి నాలుగడుగులు గూడా రాదు. ఎవరు తోలుకొచ్చారు?" అన్నాడు. ఎవరూ లేరన్నాను. ఆయన బండి మీద నుంచి చెయ్యి తీసేశాడు. ఎంత బతిమాలినా ఆ ట్రైలర్‌ను మళ్ళీ తీసుకోలేదు, కోయలేదు కూడా. అది మా పెరట్లోనే మట్టయింది.

పెద్దకర్మ నాడు మా అత్త తనను మలుపు దగ్గరకు తీసుకుపొమ్మంది. అప్పటికే ఎవరో రాయికి కుంకం పెట్టారు. కొడుకు ఆనుకున్న రాయి అని ఆమె తడుముకుంటూ ముఖం మీద చెయ్యి వేసి దణ్ణం పెట్టుకుంది. తర్వాత చెయ్యి వెనక్కు పోయింది. వీపు మీద అరచెయ్యి పెట్టి పైనుంచి కిందికి, కింది నుంచి పైకి నిదానంగా నిమిరింది.

"నున్నగా ఉందే అమ్మాయ్" అంది.

అంతే అంది. తర్వాత ఆరేళ్ళు బతికింది, నన్నొక మాట అనలేదు, నా పిల్లను సాకింది, నేను వండింది తిన్నది. కానీ ఆనాటి నుంచి తన చీర నన్ను ఉతకనివ్వలేదు. చూపు లేని మనిషి, తనే బోరింగు గట్టున కూర్చుని చేత్తో పిసుక్కునేది.

ఏళ్ళు గడిచేకొద్దీ ఆ రాయి అక్కడ ఎప్పుడు లేచిందో జనం మరిచిపోయారు. కొత్తగా కాపురానికొచ్చిన పిల్లలు ఏ రాజుల కాలం నాటిదో అనుకుని పసుపు పూశారు, లారీల వాళ్ళు కొబ్బరికాయ కొట్టారు. నేనూ ఏటా ఆయన పోయిన రోజున పోయి దీపం పెట్టి వచ్చేదాన్ని. ఎవరికి పెడుతున్నానో నాకే తెలిసేది కాదు, పేరు లేని ఆ పాత మనిషికా, పేరు పెట్టి నేను ఒక్కసారి కూడా పిలవని నా మనిషికా. నలభై ఏళ్ళు ఆ మలుపులో ఒక్క మనిషికి గాయం కాలేదు. అందరూ వంపు తక్కువ కాబట్టి అంటారు.

ఇప్పుడా రోడ్డు తారుది, ఇంకా వెడల్పవుతోంది. నాపరాళ్ళు పరిచే ఇళ్ళు లేవు, అన్నీ నున్నటి టైల్సు. నీళ్ళు క్యాన్లలో వస్తాయి, వేప రెమ్మ ఎందుకేస్తారో మా మనవరాలికి నేను విడమర్చి చెప్పవలసి వచ్చింది. సామాను బండ్లు కంపెనీ నుంచే అన్నీ కుదిరి వస్తాయి, వాటికి రోషం తెచ్చుకుని ఏడాదంతా మరమ్మతు చేసే మగవాడూ అక్కర్లేదు, నొగ బరువని పోరే ఆడదీ అక్కర్లేదు. మంచిదే, నడుములు మిగిలాయి. కానీ ఆ రోజుల్లో ఒక రాయిని కదిలించాలంటే నాలాంటి మొండిది కూడా అటూ ఇటూ చూసి కదిలించేది. ఇప్పుడు మిషను మీద కూర్చున్నవాడు కిందికి దిగి దాని ముఖం ఎటుందో కూడా చూడలేదు. దాచుకోవడానికి వాడి దగ్గర ఏమీ లేదు. నేను వాడి మీద కోప్పడలేను, కాస్త కుళ్ళుకుంటున్నానేమో కూడా.

రేపు పొద్దున్నే, ఎండెక్కక ముందే, నేనూ మా మనవరాలూ మనవడూ గడ్డపార పట్టుకుని పోతున్నాం. రోడ్డు వాళ్ళ కొలతకు అవతల, గట్టు మీద, ముఖం రోడ్డు వైపు పెట్టి నిలబెడతాం. వాడు ఎందుకమ్మమ్మా అన్నాడు. వచ్చి తవ్వరా, తవ్వుతుంటే చెబుతాను అన్నాను. ఈసారి చెబుతాను.

ఇక చాలు, కలం పెట్టు. నీళ్ళు తాగి, రాసిందంతా ఒకసారి నాకు చదివి వినిపించు తల్లీ. మొదటి నుంచి చదువు, రాయి పెట్టావా అని మీ తాత అడుగుతాడు చూడు, అక్కణ్ణుంచి. అది చదివాక వెంటనే నా మాట చదవమాక. కాసేపు ఆగు. అక్కడ నేను ఆయనతో చెప్పుకోవలసింది ఒకటుంది.